రెండంగుళాల లూజు

మార్చి 4, బుధవారం

ఒరేయ్ తమ్ముడూ,

షాపులో కుట్టుమిషను బల్ల మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. ఇరవై ఏళ్లు రేకులు కొట్టీ కొట్టీ నీ చెవులు ఎలాగూ పోయాయి, ఫోన్లో నేను చెప్పేది సగం వినపడదు నీకు. మెసేజ్ పెడదామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ బావ దగ్గరే ఉంటుంది. నేను పనికొచ్చాక ఆయనకి ఏమన్నా అయితే అదొక్కటే దిక్కు. అందుకని పాత పద్ధతిలోకి దిగాను. జవాబు షాపు అడ్రసుకే రాయి, ఇంటికి రాయకు.

ఏప్రిల్ ఒకటి నుంచి ఆసుపత్రి బస్సు ఆపేస్తున్నారు. గోడ మీద కాగితం అంటించారు, అంతే, ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. మంగళ, గురు, శనివారాలు మీ బావకి డయాలసిస్ అని నీకు తెలుసు. తొంభై కిలోమీటర్లు పోవడం, నాలుగు గంటలు మెషీన్ మీద ఉండడం, మళ్లీ తొంభై కిలోమీటర్లు రావడం. కాలు తీసేశాక ఈ పద్నాలుగు నెలలూ ఆ బస్సే మమ్మల్ని బతికించింది. ఇద్దరు మనుషులు ఆయన్ని ఎత్తి డ్రైవరు పక్కన కూర్చోబెట్టేవాళ్లు. ఒక్కసారి తప్పితే ఒళ్లు వాస్తుంది. రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదు. మూడోసారి తప్పితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీ వర్క్‌షాపుకి ఏదో ట్రస్టు వాళ్లిచ్చిన రెండు బళ్లలో ఒకటి మనకి ఇప్పిస్తానన్నావు. నీ కడుపు చల్లగుండ. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఒకటి, హైబ్రిడ్ మినీవ్యాన్ ఒకటి. చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకి బళ్లు మార్చి ఇవ్వడమే నీ పని కాబట్టి ఏది మంచిదో నువ్వే చెప్పు. మీ బావ నువ్వు పంపిన బళ్ల ఫోటోలు చూసి "ఎలక్ట్రిక్ అయితే వస్తా" అన్నారు. ఎందుకంటే చెప్పరు. ఇరవై రెండేళ్లు అంబులెన్స్ నడిపిన మనిషి, నాకంటే ఆయనకే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. నాకూ అదే నచ్చింది. పొగ లేదు, వాసన లేదు. మెషీన్ దిగాక ఆయనకి పెట్రోలు వాసన తగిలితే వాంతులే.

నడపాల్సింది నేను. షాపు కారులో నాలుగు వీధులు తిరగడమే గాని కొండదారి ఎక్కిన మొహం కాదు నాది.  తొందరగా రాయరా.

దిక్కుతోచని
మీ అక్క


మార్చి 7, శనివారం

అక్కా,

నీ అక్షరాలు వంకరపోవడమేంటి, అవి ఎప్పుడు తిన్నగా ఉన్నాయి గనక! చెవులు పోయినా కళ్లున్నాయి, కూడబలుక్కుని చదివేశాను.

బండిని బొమ్మలో చూసి పెళ్లికొడుకుని ఎంచినట్టు ఎంచకూడదు. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ మంచిదే, కాదనను. కానీ మీది కొండదారి. చలిలో హీటరు వేస్తే కాగితం మీద రాసిన దూరంలో మూడో వంతు కొండే మింగేస్తుంది. నూట ఎనభై కిలోమీటర్లు అయ్యేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. ఆసుపత్రి దగ్గర ఉన్న ఒక్క చార్జరు నీకోసం ఖాళీగా కూర్చుంటుందా? హైబ్రిడ్ మినీవ్యాన్‌కి ఆ బాధ లేదు. బ్యాటరీ తనే నింపుకుంటుంది, పోతే పెట్రోలు ఉంది. నా ఓటు వ్యాన్‌కే.

అయినా బావ మాట కాదని నేను బతకగలనా? ఒక దారి ఉంది. ఎస్‌యూవీలో తిరిగే సీటు వేస్తాను. బటన్ నొక్కితే సీటు బయటికి తిరిగి కిందికి దిగుతుంది, బావ కుర్చీలోంచి దాని మీదికి జరిగితే చాలు, మళ్లీ లోపలికి తీసుకుపోతుంది. పేచీ అంతా తల దగ్గర. తలుపు అంచుకి తల తగలకూడదు. కూర్చున్న చోటి నుంచి నడినెత్తి దాకా కొలిచి పంపు. కంటితో కాదు, టేపుతో.

ఇరవయ్యో తారీఖు లోపు తేల్చాలి. మనం వద్దన్నది తీసుకోవడానికి ఒక లెక్కల టీచరమ్మ కాచుకుని ఉంది, ఆవిడా కుర్చీలోనే.

రేకుల మధ్య నుంచి
నీ తమ్ముడు


మార్చి 11, బుధవారం

ఒరేయ్,

కొలత: ముప్పై ఎనిమిది అంగుళాలు.

అది తీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. టేపు చూడగానే "శవపెట్టెకా?" అన్నారు మీ బావ. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చివరికి వీపు వెనక దిండు సర్దుతున్నట్టు నటించి కొలిచాను. ఆ కొలతని అనుమానించకు, ముప్పై ఏళ్లుగా టేపు మెడలో వేసుకు తిరుగుతున్నాను, ఇప్పటిదాకా ఒక్కరూ చొక్కా బిగుతైందని వెనక్కి తేలేదు.

తిరిగే సీటు గురించి చెప్పాను. చెప్పి ఎంత మంచిపని చేశానో! "సీటు ముందుదేనా?" అని అడిగారు. అవునన్నాను. ఆ సాయంత్రం అద్దం తెమ్మని స్వయంగా గడ్డం గీసుకున్నారు. రెండు నెలలైంది ఆ మనిషి అద్దం అడిగి. నిన్న డయాలసిస్ నుంచి వస్తూ బస్సు డ్రైవరుతో "వచ్చే నెల నుంచి మా ఆవిడే డ్రైవరు, నువ్వు బతికిపోయావు" అన్నారట.

బ్యాటరీ అయిపోతే దారిలో నేనే తోస్తాను. ఆ బండే ఇప్పించరా.

ఆశపడుతున్న
అక్క


మార్చి 14, శనివారం

అక్కా,

కొలత చూసి ఉసూరుమన్నాను. తిరిగే సీటు వేశాక తలుపు కింద మిగిలేది ముప్పై తొమ్మిది అంగుళాలు. నువ్వు పంపింది ముప్పై ఎనిమిది. దానికి గతుకుల కోసం మేము రెండంగుళాలు ఖాళీ వదలాలి, అది మా వర్క్‌షాపు రూలు. అంటే నలభై. అంగుళం తక్కువ. గతుకులో ఎగిరితే మెడకి ప్రమాదం. నీ మొగుడి మెడ నా చేతుల్లో పెట్టుకోలేను.

కాబట్టి వ్యాన్. నిజానికి నీకు అదే సుఖం. పక్క తలుపు జరిపి ర్యాంపు దింపి, బావని కుర్చీతో సహా బీరువా ఎక్కించినంత సులువుగా తోసేయొచ్చు. వెనక నాలుగు మూలలా బెల్టులు బిగిస్తే కదలడు, మెదలడు. ఎత్తడం లేదు, దించడం లేదు, నీ నడుముకి నొప్పి లేదు.

బావకి పెద్ద బండి షోకు, నాకు తెలుసు. అంబులెన్స్ రోజుల నుంచీ అంతే, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. కాస్త నచ్చజెప్పు. ప్రాణం ముందా, వీధిలో గొప్ప ముందా?

నీ మేలు కోరే
తమ్ముడు


మార్చి 19, గురువారం

తమ్ముడూ,

ఇది ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. ఇంకో ఐదుసార్లు ఈ బస్సు ఉంటుంది.

నీ ఉత్తరం సంచిలోనే మర్చిపోయాను. మందుల చీటీ కోసం వెతుకుతూ మీ బావ చదివేశారు. నేను వచ్చేసరికి దాన్ని మడతల ప్రకారం మడిచి బల్ల మీద పెట్టి ఉన్నారు. "బీరువా రాదని మీ తమ్ముడికి రాయి" అన్నారు. అంతే. అప్పటి నుంచి ఉప్పు, నీళ్లు, దుప్పటి, ఈ మూడు మాటలు తప్ప ఇంకో మాట లేదు.

నువ్వు సరదాకి రాశావని నాకు తెలుసురా. కానీ సరదాగా తీసుకునే ఓపిక ఈ ఇంట్లో అయిపోయింది. నీకు దండం పెడతాను, ఆ ఎస్‌యూవీ ఎవరికీ ఇవ్వకు. సీటు కింద ఏదో ఒకటి కోసెయ్, పల్చటి దిండు వెయ్, పైకప్పు లేపు. అంగుళమే కదా! నేను అంగుళం తక్కువైన బట్టతో చొక్కాలు కుట్టలేదా? పొద్దున షాపు ఫోన్ నుంచి మీ వర్క్‌షాపుకి చేశాను. ఎవరో "ఏ బండి? గట్టిగా చెప్పండి" అని మూడుసార్లు అరిచి పెట్టేశారు.

ఇందాక నర్సు వచ్చి, "ఈ మంచం వచ్చే నెల ఎవరికన్నా ఇవ్వొచ్చా అని మీ ఆయన అడుగుతున్నారేంటమ్మా?" అంది. 

నీదే భారం.
అక్క


మార్చి 20, శుక్రవారం

అక్కా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, అంటే ఒప్పుకున్నారనే అనుకుంటున్నాను. మౌనం అర్ధాంగీకారం. ఇవాళ ఆఖరి రోజు, ఎస్‌యూవీ టీచరమ్మకి ఇచ్చేశాం. ఆవిడ పొట్టి మనిషి, తిరిగే సీటు అమర్చినట్టు కుదిరింది. తాళాలు అందుకుని నా చెయ్యి వదల్లేదు పాపం.

ముప్పయ్యో తారీఖు సోమవారం మా డ్రైవరు వ్యాన్ తెచ్చి మీ ఇంటి ముందు పెడతాడు. బావకి నీలం ఇష్టమని సీట్లకి నీలం కవర్లు వేయించాను. బీరువా అన్నానని చెప్పకు సుమా, చంపుతాడు.

సంతోషంగా
నీ తమ్ముడు


ఏప్రిల్ 6, సోమవారం

తమ్ముడికి,

నా పంతొమ్మిదో తారీఖు ఉత్తరం నీకు చేరేసరికే ఆ బండి చెయ్యి దాటిపోయి ఉంటుంది, దానికి జవాబు కూడా రాలేదు. వ్యాన్ వచ్చి వారమైంది. ఇంటి ముందు అలాగే ఉంది.

మీ డ్రైవరు ఎంతో మర్యాదగా పక్క తలుపు తెరిచి, ర్యాంపు దింపి, వెనక బెల్టులు ఎలా బిగించాలో నాకు చూపించాడు. మీ బావ కిటికీలోంచి అంతా చూశారు. చూసి, కుర్చీ గోడ వైపు తిప్పుకున్నారు. గురువారం రాలేదు. శనివారం రాలేదు. బతిమాలాను, తిట్టాను, నేనూ అన్నం మానేస్తానన్నాను. "నువ్వు తిను, షాపుకెళ్లాలి కదా" అన్నారు. ఆ మాట అన్న తీరుకి ఏడుపు ఆగలేదు నాకు. పక్కింటి ఆయన్ని పిలిచి బలవంతంగా తోయిద్దామనుకున్నాను కూడా. పిలవలేకపోయాను. అన్నేళ్లు నా ఎదురుగా నిలబడి తిరిగిన మనిషిని అలా ఎలా తోయిస్తాను?

ముఖం ఉబ్బిపోయింది. ఉన్న కాలు నొక్కితే వేలు దిగబడిన గుంట అలాగే ఉంటోంది. పడుకుంటే ఆయాసం, కూర్చునే కునికిపాట్లు. చొక్కా గుండీలు పట్టడం లేదని ఇవాళ పొద్దున కొత్తదానికి కొలతలు తీశాను. నీకు పంపిన కొలతకి కలిపినట్టే వీటికీ మామూలుగా రెండంగుళాలు లూజు కలిపి రాసుకున్నాను. ఇప్పుడు బల్ల మీద ఆ బట్ట చూస్తూ కూర్చున్నాను. ఇది కుడితే తొడుక్కోవడానికి మనిషి ఉంటాడా అని కత్తెర పెట్టలేకపోతున్నాను.

ఆ మాట రాశావే, ప్రాణం ముందా గొప్ప ముందా అని. నీ మీద చాలా కోపంగా ఉందిరా. నీమీద కాకపోతే ఇంకెవరి మీద చూపించుకోను? రేపు మంగళవారం. రేపూ రాకపోతే నాకు ఇంక ఏం చెయ్యాలో తెలీదు.

అక్క


ఏప్రిల్ 8, బుధవారం

తమ్ముడూ,

మీ బావ బతికే ఉన్నారు. ఆ మాట ముందు రాస్తున్నాను.

నిన్న పొద్దున పెదాలు నీలంగా మారాయి. అంబులెన్స్ పిలిచాను. వచ్చినవాడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే, ఒకప్పుడు పక్క సీట్లో కూర్చునేవాడు. "గురువుగారూ" అంటూ ఏడ్చేశాడు. స్ట్రెచర్ మీద వెనక పడుకోబెట్టారు, నేను పక్కన కూర్చున్నాను. దారి పొడవునా ఆయన నా చీర కొంగు పట్టుకునే ఉన్నారు. ఆక్సిజన్ ముసుగు పక్కకి లాగి మాట్లాడారు. నేను వినపడక వంగాను.

"ఇరవై రెండేళ్లు ముందు కూర్చున్నానే. వెనక ఎక్కించిన వాళ్లలో ఎంతమంది తిరిగి ఇంటికెళ్లారో నాకు లెక్క తెలుసు. వెనక్కి వెళ్తే దారి కనపడదు. పైకప్పు కనపడుతుంది, అంతే. నన్ను వెనక పెట్టుకుని నువ్వు ముందు ఒక్కదానివీ నడుపుతుంటే, వెనక ఏం జరుగుతోందో నీకు తెలీదు. నాకు ఏమైనా అయితే తలుపు తీశాక చూస్తావు. నేను చూశాను అలాంటి మొహాలు. నీ మొహం అలా చూడలేను."

బండి గురించి కాదురా ఆయన మంకుపట్టు. ఎలక్ట్రిక్ అంటే ముందు సీటు, వ్యాన్ అంటే వెనక. అంతే ఆయనకి. పద్నాలుగు నెలలుగా అదే మనసులో పెట్టుకున్న మనిషితో నేను పెట్రోలు వాసన గురించి మాట్లాడాను.

మెషీన్ మీద పెట్టారు. గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. వచ్చే మంగళవారం మెషీన్ అయ్యేదాకా ఉంచుకుంటారు. ఆ తర్వాత ఎలా తీసుకురావాలో, మళ్లీ ఎలా తీసుకెళ్లాలో తెలీదు. మొన్న రాసిన కోపమంతా మర్చిపో.

అక్క


ఏప్రిల్ 9, గురువారం

అక్కా,

నీ ఆరో తారీఖు ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. అందులో ఒక వాక్యం పదిసార్లు చదివాను. నాకు పంపిన కొలతకీ రెండంగుళాలు కలిపావా?

కలుపుతావు మరి. నీ చెయ్యి అలాగే రాస్తుంది, దర్జీ చెయ్యి. నేను దాని మీద ఇంకో రెండు కలిపాను, నా చెయ్యి అలాగే రాస్తుంది. బావ ముప్పై ఆరు అంగుళాల మనిషి. ముప్పై ఆరుకి రెండు కలిపితే ముప్పై ఎనిమిది. ఆ తలుపు కింద అంగుళం మిగిలేది అక్కా! ఒంటి కొలతా, లూజు కలిపిన కొలతా అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. పని తెలిసినవాణ్నని అడగలేదు.

సెలవు పెట్టి టీచరమ్మ ఇంటికి వెళ్లాను, బండి వెనక్కి అడుగుదామని. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, సీటుని బయటికీ లోపలికీ తిప్పుకుంటూ మనవరాలికి చూపిస్తోంది. నన్ను చూసి "రా నాయనా, మాకు కాళ్లిచ్చినవాడివి" అంది.  సీటు బోల్టులు సరిచూడ్డానికి వచ్చానని చెప్పి తిరిగొచ్చేశాను.

బావకి నేనేం చేశానో నాకు అర్థమైంది. నువ్వు ఎంత తిట్టినా తక్కువే. ఒక్క ముక్క రాయి, ఎలా ఉన్నాడో.

నీ తమ్ముడు


ఏప్రిల్ 11, శనివారం

అక్కా,

ఉత్తరం అందింది. బావ బతికే ఉన్నాడని ముందు రాసినందుకు నీకు దండం.

వ్యాన్‌లో ముందు సీటు తీసేయొచ్చు. డ్రైవరు పక్క సీటు. నాలుగు బోల్టులు, అంతే. ర్యాంపు మీద నుంచి కుర్చీ లోపలికి వచ్చాక ముందుకి తోసి ఆ ఖాళీలో తిప్పితే నీ పక్కనే నిలుస్తుంది. కింద కుర్చీని పట్టే తాళం ఒకటి బిగించాలి, అది మా దగ్గర అలమారాలో పడి ఉంది. ఎవరన్నా అడిగితే వేస్తాం. నువ్వు అడగలేదు, బావ చెప్పలేదు, నేను నెల రోజులుగా బ్యాటరీ గురించి ఉపన్యాసం ఇచ్చాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, పెట్టేవాడికి కాస్త బుద్ధి కూడా ఉండాలి.

 నాలుగు బోల్టులక్కా! నాలుగు బోల్టుల కోసం ఆయన్ని అక్కడిదాకా తీసుకుపోయాం.

ఈ ఉత్తరం మంగళవారానికి అందుతుంది. బుధవారం పొద్దున తాళం పట్టుకుని నేనే వస్తాను. అప్పటిదాకా బావకి ఏమీ చెప్పకు. మళ్లీ ఆశపెట్టి ఇంకో అంగుళం దగ్గర ఆగిపోతే ఆయన తట్టుకోలేడు, నేనూ తట్టుకోలేను.

తప్పు దిద్దుకోవడానికి వస్తున్న
తమ్ముడు


ఏప్రిల్ 17, శుక్రవారం

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు బుధవారం పని ముగించి, ఆయన మొహం చూడలేక టీ కూడా తాగకుండా పారిపోయావు. అందుకని తర్వాతి కథ రాయాల్సి వచ్చింది. మంగళవారం రాత్రి మీ బావని అంబులెన్స్‌లోనే ఇంటికి తెచ్చాం, అది నీకు తెలుసు.

నువ్వు వెళ్లాక కుర్చీ తోసుకుంటూ బయటికొచ్చారు. తలుపులోంచి ఆ ఖాళీని చాలాసేపు చూశారు. "సీటేది?" అన్నారు. తీసేశాడన్నాను. "ఎందుకు?" అన్నారు. "మీ కుర్చీకి చోటు కావాలి కదా" అన్నాను.  వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. నేను మళ్లీ అడగలేదు. అడిగితే కాదంటారని ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

నిన్న గురువారం నేను లేచేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో ఉన్నారు.

ర్యాంపు ఎక్కించి, తిప్పి, తాళం టక్కుమనే దాకా తోశాను. పక్కన ఆయన, స్టీరింగ్ ముందు నేను.  కొండ మొదలయ్యేసరికి ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాను. "బ్రేకు మీద కాలు తియ్యి, ఊరికే తొక్కుతావేం" అన్నారు. "అద్దం ఎవరు చూస్తారు, మీ తమ్ముడా?" అన్నారు. "ఆ లారీవాణ్ని పోనివ్వు, వాడికి పెళ్లి ముహూర్తం ఉన్నట్టుంది" అన్నారు. తొంభై కిలోమీటర్లూ తిట్లే. అంత హాయైన తిట్లు నా జన్మలో తినలేదు.

మెషీన్ మీద నాలుగు గంటలు కళ్లు మూసుకునే ఉన్నారు. వచ్చేటప్పుడు నీరసంగా తల అద్దానికి ఆనించుకున్నారు. మళ్లీ మొదటికొచ్చాం, ఈ ఒక్కసారికి నాకోసం వచ్చారు, ఇక రారు అనుకున్నాను. పెట్రోలు వాసన వస్తోందా అని అడుగుదామన్నా నోరు రాలేదు. వంతెన దాటాక, కళ్లు తెరవకుండానే అన్నారు:

"శనివారం అరగంట ముందే బయల్దేరాలి. ఆ రోజు ఈ వంతెన మీద లారీలు ఎక్కువ."

నేను బండి పక్కకి తీసి ఆపేశాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను, ఎంత ఏడ్చానో నాకే తెలీదు.  ఆయన చెయ్యి చాపి నా వీపు మీద పెట్టి, "ఇక్కడ ఆపకూడదే, బోర్డు చూడలేదా?" అన్నారు.

మీ అక్క